ఇప్పాకు పట్టిన పేరు

"నా కొడుక్కి ఆ పేరు పెట్టనియ్య," అంది యశోద మళ్ళీ.

ఇదే మాట ఫోన్లో అన్నప్పుడు ఆమె మొగుడు చిరంజీవి ఒంటికాలి మీద లేచాడు. రోడ్డు మీది కొట్టు ముందు జనం వింటున్నారన్న స్పృహ ఆమెకూ లేకపోయింది, క్యాంపులో తోటి కానిస్టేబుళ్ళు వింటున్నారన్న స్పృహ అతనికీ లేకపోయింది. ఇద్దరూ కడుపునిండా పోట్లాడుకున్నారు. ఈరోజు మనిషి ఎదురుగా దొరికాడు కదా, మిగిలింది కూడా తేల్చుకుందామంటే అతను పోట్లాటకే రావడం లేదు. అత్తగారింటి అరుగు మీద తల దించుకుని కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు. ఆ ముడులు విప్పడానికి అంతసేపు పట్టదు.

"రణధీర్ అంట. యుద్ధంల బెదరనోడని అర్థమంట. పాలు తాగే పిల్లగానికి యుద్ధమేంది?"

"మా క్యాంపుల అందరు గట్లనే పెట్టుకుంటున్నరు." ఆ జవాబులో ఊపు లేదు. పంతులుకు పాఠం అప్పజెప్పినట్టు ఉంది.

అతను చెప్పిందీ అబద్ధం కాదు. ఈమధ్య ఆ క్యాంపువాళ్ళ ఇళ్ళలో పుట్టిన మగపిల్లల్ని ఒక్కచోట నిలబెడితే చిన్నపాటి సైన్యమే తయారవుతుంది. ఇన్‌స్పెక్టరు కొడుకు రణవీర్. రైటరు కొడుకు సంగ్రామ్. వీళ్ళందరికీ అన్నం వండిపెట్టే వంటమనిషి కూడా ఊరుకోలేక తన మనవడికి విజయ్ అని పెట్టించాడు. భద్రాచలం బస్టాండులో కొన్న పిల్లల పేర్ల పుస్తకం ఒకటి చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. పోరు, గెలుపు, కత్తి, విల్లు అని అర్థాలున్న పేర్ల పేజీలన్నీ మాసిపోయాయి. పూల పేర్ల పేజీలు మాత్రం కొన్ననాటిలాగే తెల్లగా ఉన్నాయి.

ఆ పుస్తకం ఇప్పుడు చిరంజీవి చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.

యశోదకు ఆ పుస్తకం మీద కన్నా అది తెచ్చిన మనిషి మీద అనుమానంగా ఉంది. అడవి నడుమనున్న ఇప్పలగుంపు గూడేనికి పోలీసు ఉద్యోగం చేసే అల్లుడు పగటిపూట రావడమంటే మాటలు కాదు. కిందటి వానాకాలం పక్క గుంపు కానిస్టేబులు ఒకడు చెల్లెలి పెళ్ళికని వచ్చి ప్రాణాలతో మళ్ళీ క్యాంపుకు పోలేదు. అప్పటినుంచి చిరంజీవి ఈ దిక్కు చూడలేదు. కొడుకును కూడా భద్రాచలం దవాఖానాలోనే చూసి వెళ్ళాడు. పేరు ఖమ్మం క్వార్టర్లోనే పెడదామన్నాడు. పుట్టింట్లోనే పెట్టాలని యశోద తల్లి ముత్తక్క పట్టుబట్టింది. అయితే మీరే పెట్టుకోండి, నేను రాను, పేరు మాత్రం నేను చెప్పిందే ఉండాలని ఫోను పెట్టేసినవాడు, ఈ ఉదయం బూర్గంపాడులో ఎవరింట్లోనో బండి పెట్టి, అడవిదారిన ఒంటరిగా నడిచి వచ్చాడు.

వస్తూనే అతను చేసిన మొదటి పని ఇంకా వింతగా ఉంది. ముత్తక్క కాళ్ళకు దండం పెట్టాడు.

పెళ్ళినాడు కూడా మొక్కుబడిగా వంగిన నడుము అది. ముత్తక్క ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "ఏందయ్యా అల్లుడా, ప్రమోషన్ గిట్ల వచ్చిందా?" అని నవ్వింది. అతను నవ్వలేదు. అంబలి తెచ్చి ఇస్తే తర్వాత తాగుతానని పక్కన పెట్టాడు. మంచినీళ్ళు మాత్రం చెంబు ఎత్తి గటగటా తాగాడు.

ముత్తక్క పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి యశోద గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. శివ కోసం వచ్చినవా?"

"కాదు."

"మీ సార్లు పంపిన్రా?"

"సెలవు పెట్టి వచ్చిన." అతను రెండో బూటు పక్కన పెట్టాడు. "పేరు కోసం వచ్చిన యశోదా. నమ్మితే నమ్ము."

ఆమె నమ్మలేదు. నమ్మకపోవడం ఆమె తప్పు కాదు. శివ ఆమె తమ్ముడు. డిగ్రీ చదవమని ఖమ్మం హాస్టల్లో వేస్తే, ఒక సెలవులకు ఇంటికి వచ్చి, మళ్ళీ హాస్టలుకని బయల్దేరి లోపలికి వెళ్ళిపోయాడు. లోపలికంటే అడవిలోకి, తుపాకులు పట్టుకున్నవాళ్ళలోకి. అక్క మొగుడు ఇటు తుపాకి, తమ్ముడు అటు తుపాకి. గుంపులో శివ పేరు పైకి అనడం ఎప్పుడో మానేశారు. ముత్తక్క ఒక్కతే మానలేదు. రోజూ రాత్రి కొడుకు వంతు ముద్ద ఒక గిన్నెలో పెట్టి పైన గంప బోర్లిస్తుంది. తెల్లారాక గంప తీసి, రాత్రి వాడికి తీరిక దొరికినట్టు లేదని తనే ఉప్పు వేసుకుని తింటుంది.

మొన్న తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర ఎవరి రేడియోలోనో వార్త వచ్చింది. నది అవతల కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు, ఎవరో గుర్తు తెలియలేదు. ఇట్లాంటి వార్త విన్నప్పుడల్లా ముత్తక్క నోరు పడిపోతుంది. పేర్లు బయటికి వచ్చి, వాటిలో శివ అన్న పేరు లేదని తేలాకే ఆమె మళ్ళీ మాట్లాడుతుంది. ఈసారి పేర్లే రాలేదు. పేరు పెట్టే రోజేమో నెత్తి మీదికి వచ్చింది. ఎంతసేపని మూగదానిలా కూర్చుంటుంది, లేచి ఇల్లు అలికింది.

తల్లి శివ అన్న పేరు కోసం వింటుంది. కూతురు వినేది ఇంకో పేరు కోసం. ఆ సంగతి తల్లికి కూడా తెలియదు.

యశోద కడుపుతో ఉన్నప్పుడు, పుట్టింటికి వచ్చి ఒకనాడు వాగుకు స్నానానికి వెళితే, అవతలి ఒడ్డున పొదల వెనకనుంచి శివ పిలిచాడు. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. కోడి మెడ విరిచేటప్పుడు కళ్ళు మూసుకునే పిల్లవాడి భుజాన తుపాకి చూసి ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల తనను శివ అనరని చెప్పాడు. అక్కడ వేరే పేరు పెట్టుకోవాలట.

"సమర్ అంటరు నన్ను."

"గదేం పేరు?"

"పోరు అని అర్థం అక్కా."

క్యాంపువాళ్ళ పిల్లలకు పెట్టే పేర్లు ఆమెకు అప్పటికే కొట్టినపిండి. వీళ్ళూ వాళ్ళూ ఒకే సంచిలో చెయ్యి పెట్టి పేర్లు తీసుకుంటున్నారా ఏమిటి అని ఆమెకు నిజంగానే నవ్వు వచ్చింది. ఆ పేరు ఎవరికీ చెప్పనని, బావకు అసలే చెప్పనని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. వెళ్ళబోతూ ఆమె కడుపు వైపు చూశాడు.

"కొడుకు పుడితే మామ పేరు పెడతవా?"

"బతికున్నోళ్ళ పేరు పెట్టొద్దు. గది గూడ మరిచిపోయినవా?"

"మరిచిపోయిన," అని నవ్వాడు శివ. ఆ నవ్వుకు గడ్డంలోంచి పాత తమ్ముడు బయటికి వచ్చాడు.

అంతే. ఆమె ఆ పేరును ఎవరితోనూ అనలేదు. ఖమ్మం క్వార్టర్లో మొగుడి పక్కన పడుకున్నప్పుడు, కలలో నోరు జారుతుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న రాత్రులున్నాయి. ఒక పేరును ఇన్నాళ్ళు ఒంటరిగా మొయ్యడం ఎట్లా ఉంటుందో మోసినవాళ్ళకే తెలియాలి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బొజ్జయ్య తాత వచ్చాడు. ముత్తక్క భర్తకు పినతండ్రి, గుంపుకంతటికీ పెద్ద. చిరంజీవిని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. వార్త ఆయన దగ్గరకు ముందే చేరింది. గుంపు మగవాళ్ళు కొందరు రాలేదని, వాళ్ళను తప్పు పట్టవద్దని నెమ్మదిగా చెప్పి, అరుగు మీద చతికిలబడ్డాడు.

"పొద్దు వంగకముందే ఎల్లిపోవాలె మనవడా. నీ కోసం గాదు, మా కోసం చెప్తన్న."

"పోత తాతా. పేరు పెట్టంగనే పోత."

ఇంట్లో కోడికూర ఉడుకుతోంది. ముత్తక్క మోదుగాకు విస్తరి ఒకటి కడిగి గోడకు ఆనించింది. పిల్లవాడికి ఏ పెద్ద పేరు పెడితే ఆ పెద్దకు ఆ పూట వాకిట్లో అన్నం పెట్టి, పేరుతో పిలవడం ఆ ఇంటి పద్ధతి. పోయింది ముసలివాళ్ళయితే విస్తరి పక్కన ఇప్పసార, పడుచువాళ్ళయితే బెల్లం. ముత్తక్క నిన్ననే సార సీసా సిద్ధం చేసుకుంది. ఎందుకంటే ఆమె లెక్కలో మనవడి పేరు ఎప్పుడో ఖాయమైపోయింది. ముసలయ్య. యశోద తండ్రి. బతికినన్నాళ్ళు ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. యశోద కోరుకున్నదీ ఆ పేరే.

చిరంజీవి ఆ పేరు విని నీళ్ళు నమిలాడు. రేపు బడికి వెళితే, ఎల్లుండి నౌకరీకి వెళితే ముసలయ్య అంటే నలుగురూ నవ్వుతారని అన్నాడు.

పొయ్యి దగ్గరున్న ముత్తక్క గరిటె ఆపింది. "మా ఆయన పేరు నవ్వులాటనా అల్లుడా?" అని మెల్లగా అడిగింది.

"కాదత్తా," అన్నాడు అతను. ఆమె వైపు చూడలేదు. వచ్చిన దగ్గరనుంచి అతను ఆమె ముఖం చూసిందే లేదని యశోద అప్పుడు గమనించింది. గోడ చూస్తాడు, నేల చూస్తాడు, మూలనున్న గంప కనిపిస్తే చప్పున చూపు తిప్పుకుంటాడు.

రణధీరుడనేవాడు మన పెద్దల్లో ఎవరున్నారని బొజ్జయ్య అడిగాడు. ఎవరూ లేరని, పుస్తకంలో పేరని చిరంజీవి ఒప్పుకున్నాడు. పుస్తకం పేరైతే బువ్వ పెట్టే పని లేదు, తేలికే అని ముసలాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తండ్రి అడిగిన పేరును కాదనే హక్కు తనకు లేదని, ఒప్పుకోవాల్సింది పిల్లవాడని తేల్చాడు. ముందు తండ్రి తరఫు పేర్లు, వాటిని పిల్లవాడు కాదంటే తాత పేరు. ఆకు చెప్పినట్టు విందామన్నాడు.

ఆకంటే ఇప్పాకు. చెట్టు కొత్తగా చిగిర్చిన రోజులు కావడంతో ముత్తక్క తెచ్చిన ఆకులు ఎర్రగా, మెత్తగా ఉన్నాయి. తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డ అరచేతిలో ఆకు పెట్టి పేరు చెబుతారు. బిడ్డ ఆకును పట్టుకుంటే పేరు నచ్చినట్టు. వదిలేస్తేనో ఏడిస్తేనో ఆ ఆకు పారేసి, కొత్త ఆకుతో కొత్త పేరు చెప్పాలి. వెనకటి పెద్దలు కొందరు తమకు నచ్చిన పేరుకు ఆకును అరచేతి నడుమ, నచ్చని పేరుకు వేళ్ళ కొసల మీద పెట్టేవాళ్ళని చెప్పుకుంటారు. బొజ్జయ్యకు చూపు తగ్గింది కాబట్టి ఆయన ఎక్కడ పెడుతున్నాడో ఆయనకే తెలియదు. అందువల్ల ఆయన పెట్టే పేర్ల మీద గుంపులో అందరికీ నమ్మకం.

యశోదకు మాత్రం ఇంకో ఉపాయం తెలుసు. పాలిచ్చే తల్లులందరికీ తెలిసిందే. పసిబిడ్డ పిడికిలి వెనక గోరుతో సుతారంగా రాస్తే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. కొడుకు చేతిని తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె చిటికెనవేలు ఆ చేతి కిందికి వెళ్ళింది. ఎవరికీ కనిపించలేదు. పోరు పేరు ఏదొచ్చినా నేల మీద పడేస్తానని ఆమె గట్టిగా అనుకుంది. తన ఇద్దరు మగవాళ్ళను పోరు తీసుకుపోయింది చాలు, మూడోవాడినైనా ముసలయ్యగా ఉంచుకుంటుంది.

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. చిరంజీవి పుస్తకం తెరిచాడు.

"రణధీర్."

బొజ్జయ్య ఆకు పెట్టాడు. చిటికెనవేలు కదిలింది. పిల్లవాడు వేళ్ళు చాపాడు, ఆకు జారి యశోద ఒళ్ళో పడింది. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"రణజిత్. యుద్ధంల గెలిచినోడు."

అదీ పడింది. గెలవడం కూడా వీడికి ఇష్టం లేదురా అని ఎవరో అన్నారు. ఇంకొక పేరు చదివాడు, దానికీ గెలుపనే అర్థం. ఈసారి పిల్లవాడు ఆకును వదలడమే కాకుండా ఏడుపు లంకించుకున్నాడు. యశోద రొమ్ము అందించి ఊరుకోబెట్టింది. చిరంజీవి కోపం తెచ్చుకుంటాడని చూసింది. అతనికి కోపం రాలేదు. ఆ పేర్లేవీ తనవి కానట్టు, ఒక వరుస పూర్తి చెయ్యాలి కాబట్టి చదువుతున్నట్టు చదివాడు.

"ఇగ చాలు మనవడా," అన్నాడు బొజ్జయ్య. "తాత పేరు అడుగుదాం."

ముత్తక్క అప్పటికే ముందుకు వంగింది. ముసలయ్య అనబోయి పెదాలు తడుపుకుంది కూడా.

"ఇంకొక్కటి తాతా." చిరంజీవి పుస్తకం మూసేశాడు. మూసి, జేబులో పెట్టుకోలేదు, అరుగు కిందికి విసిరేశాడు. "ఇదొక్కటి. ఇది గూడ వద్దంటే మీ ఇష్టం."

బొజ్జయ్య తడిమి ఇంకో ఆకు తీశాడు. పిల్లవాడి చేతిలో పెట్టాడు.

"సమర్," అన్నాడు చిరంజీవి.

యశోద కొడుకును ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. తెలిసిపోయింది, ఇతనికి తెలిసిపోయింది. వాగు దగ్గర నేను వాడిని కలిశానని తెలిసింది, ఇన్నాళ్ళు దాచానని తెలిసింది, అందుకే వచ్చాడు, నలుగురిలో నా నోటితో చెప్పించడానికి వచ్చాడు. ఆమె చిటికెనవేలు మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది. పిల్లవాడి వేళ్ళు విచ్చుకునే ఉన్నాయి. ఆకు అరచేతిలో అటూ ఇటూ ఊగుతోంది.

"ఇదేం పేరు?" అన్నాడు బొజ్జయ్య. "పుస్తకంలదా, మనిషిదా?"

చిరంజీవి అరచేతులు మోకాళ్ళకు తుడుచుకున్నాడు.

"మనిషిదే తాతా."

మనిషిదే.

అతనూ ఈ అడవిలో పుట్టినవాడే. అతని చేతిలో కూడా ఒకప్పుడు ఇలాంటి ఆకే పెట్టారు. క్యాంపులో ఎన్ని నేర్చుకున్నా, బతికున్న మనిషి పేరు కన్నకొడుక్కి పెట్టే పని అతను చెయ్యడు. ఆ మనిషి ఆయుష్షు పిల్లవాడు తాగేస్తాడని అతనికీ చిన్నప్పటినుంచి తెలుసు.

యశోద తలెత్తి భర్త వైపు చూసింది. వచ్చిన తర్వాత మొదటిసారి అతను ఆమె కళ్ళలోకి చూస్తున్నాడు. తాగని అంబలి, అత్త కాళ్ళకు పెట్టిన దండం, ముడులు విప్పడానికి పట్టిన అంతసేపు, గంప మీదినుంచి తిప్పుకున్న చూపు, ప్రాణానికి తెగించి నడిచివచ్చిన అడవిదారి, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆమె ముందుకు వచ్చాయి. రేడియో గుర్తు తెలియలేదన్న ముగ్గురిలో ఒకరిని గుర్తుపట్టినవాడు ఒకడున్నాడు. ఆ పేరు అక్కడ ఎవరి నోటనో విన్నాడు, ఆ ముఖం తన కళ్ళతో చూశాడు. ఎవరికీ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, కొడుకు పేరు చేసి ఇంటికి మోసుకొచ్చాడు.

అవునా అని ఆమె కళ్ళతోనే అడిగింది. చిరంజీవి రెప్పలు మూశాడు. మళ్ళీ తెరిచేసరికి అవి తడిసి ఉన్నాయి.

అతను తమ్ముడిని చూసింది ప్రాణం పోయిన తర్వాతా, ముందా? అతని చేతులు అప్పుడు ఏం చేస్తున్నాయి? ఆ ప్రశ్న పైకి అడగడానికి లేదు. చుట్టూ ఇంతమంది. పక్కనే తల్లి. ఏడవడానికి కూడా చోటు లేదు. పేరును ఒంటరిగా మోసింది ఇన్నాళ్ళు, ఇప్పుడు చావును కూడా ఒంటరిగా మొయ్యాలి. తెలిసినవాడు ఇంకొకడున్నా అతని ఒళ్ళో తల పెట్టుకుని ఏడవవచ్చో లేదో ఆమెకు తెలియదు.

ఆకు ఇంకా ఊగుతోంది. ఇంకొక్క రాపిడి చాలు, పడిపోతుంది. పడితే ముసలయ్య పేరు వస్తుంది, తల్లి సంతోషిస్తుంది, ఈ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు. గుర్తు తెలియనివాడు గుర్తు తెలియనివాడిగానే మట్టిలో కలిసిపోతాడు. పిలిచి ఒక ముద్ద పెట్టేవాళ్ళు కూడా ఉండరు.

మామ పేరు పెడతవా అక్కా?

యశోద చిటికెనవేలు తీసేసింది.

పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటే మడుచుకున్నాయి. ఎర్రటి ఆకు ఆ చిన్న పిడికిలిలో నలిగి, కొస మాత్రం బయటికి కనిపించింది. బొజ్జయ్య తడిమి చూసుకుని, పట్టిండు అన్నాడు. ఆడవాళ్ళు గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. సమర్, సమర్ అని తలా ఒకసారి పిలిచి చూసుకున్నారు. నోరు తిరగని ముసలమ్మ ఒకామె సమరయ్య అంది. అది బాగుందన్నారు.

యశోద కొడుకు తల మీదికి వంగింది. ఆమె ముఖం ఎవరికీ కనిపించలేదు. పాలు తాపుతోందనుకున్నారు.

ముత్తక్క కొద్దిసేపే చిన్నబోయింది. "నీ ఇష్టమేరా నాయనా," అని మనవడి పిడికిలిని ముద్దు పెట్టుకుని లేచింది. ఆమెకు పని ఉంది. మనిషి పేరన్నాక ఆ మనిషికి అన్నం పెట్టకుండా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. గోడకు ఆనించిన విస్తరిలో వేడి అన్నం వడ్డించింది, కోడికూరలో మంచి ముక్కలు ఏరి వేసింది. అల్లుడి తరఫు పెద్దాయన ఎవరో అయి ఉంటాడు, తక్కువ చేస్తే మాట వస్తుంది. విస్తరి తీసుకెళ్ళి వాకిట్లో అడవి వైపుగా పెట్టింది. నీళ్ళు చిలకరించి నిలబడి, గొంతెత్తి పిలిచింది.

"సమర్, రా అయ్యా. వచ్చి బువ్వ తిను."

చిరంజీవి అరుగు మీదినుంచి లేచి, స్తంభం పట్టుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

ముత్తక్క సార సీసా కోసం లోపలికి వచ్చింది. సీసా చేతిలోకి తీసుకున్నాక ఆమెకు సందేహం వచ్చింది. అల్లుడిని అడగబోయి, అతని వీపు చూసి, కూతురి దగ్గరకు వచ్చి వంగింది.

"ఎవరు బిడ్డా ఆయన? పెద్దోడేనా? సార పెట్టన్నా?"

యశోద పిల్లవాడిని భుజాన వేసుకుని లేచింది. ఉట్టి మీది డబ్బా దించి, మూత తీసి, బెల్లంముక్క ఒకటి తీసింది. తల్లి చేతిలోని సీసా తీసుకుని పక్కన పెట్టి, ఆ అరచేతిలో బెల్లం పెట్టింది. తర్వాత తన చేతితో తల్లి వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

ముత్తక్క ఆ బెల్లం వైపు చూసుకుంది. ఆమె ముఖంలో నవ్వు పోయి జాలి వచ్చింది.

"అయ్యో, పడుచు పిల్లగాడా," అంది. వాకిలి వైపు తిరగబోయి మళ్ళీ అడిగింది. "వాళ్ళమ్మ ఉన్నదా బిడ్డా? ఆమెకు తెలుసా?"